బడి గేటుకు కాపలా సరే, ఇంటి బీరువాకు తాళం ఏదీ?

అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడులు తెరుస్తారు. తల్లిదండ్రులు పుస్తకాలు, బట్టలు, సంచులు కొనే రోజులవి. తూటా దిగని పలకలు అమర్చిన పుస్తకాల సంచులు కూడా ఇప్పుడక్కడ బజారులో దొరుకుతున్నాయి. చదువుకోవడానికి వెళ్ళే పిల్లవాడి వీపుకు కవచం కట్టి పంపాలని తల్లిదండ్రులకు అనిపించే పరిస్థితి ప్రపంచంలోకెల్లా సంపన్నమైన దేశానికి ఎందుకు వచ్చింది?

ఇదేదో దూరదేశపు గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీలులేదు. హైదరాబాదు, కర్నూలు, గుంటూరు, నిజామాబాదుల నుంచి వెళ్ళిన మన కుటుంబాలు చికాగోలో, డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డాయి. మన మనవలు, మనవరాళ్ళు అక్కడి హైస్కూళ్ళలో చదువుతున్నారు. అక్కడ ఏ ఊళ్ళో కాల్పులు జరిగినా ఇక్కడ దాదీమాకు, నానీమాకు నిద్ర పట్టదు. ఆ ఊరు మనవాళ్ళ ఊరికి ఎంత దూరమని ఆరా తీస్తారు. ఫోను కలిసేదాకా తస్బీహ్ చేతిలో నుంచి దించరు. అక్కడి తల్లిదండ్రుల భయం మన ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చుంది. కనుక ఈ విషయాన్ని నిదానంగా పరిశీలించడం అవసరం.

భయం ఎలా పెరిగింది?

1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో వచ్చి ఆ రోజు 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుడిని చంపారు. చివరకు తామూ కాల్చుకొని చనిపోయారు. ఇలాంటివి అంతకు ముందు జరగలేదని కాదు. కాని బడి అంటే భద్రమైన చోటు అన్న నమ్మకం అమెరికా ప్రజల్లో ఆ రోజుతో సడలిపోయింది.

ఆ తరువాత 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది బలయ్యారు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూలులో 17 మంది, అదే ఏడాది మే 18న టెక్సాస్‌లోని శాంటా ఫే హైస్కూలులో 10 మంది, 2021 నవంబరులో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో నలుగురు చనిపోయారు. 2022 మేలో టెక్సాస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు, 2024 సెప్టెంబరులో జార్జియాలోని అపలాచీ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. ఇవి పెద్దగా తెలిసినవి మాత్రమే.

శాంటా ఫేలో చనిపోయినవారిలో ఒక ముస్లిం బాలిక ఉంది. కరాచీ నుంచి అమెరికా ప్రభుత్వపు విద్యార్థి మార్పిడి పథకం కింద ఒక సంవత్సరం చదవడానికి వెళ్ళిన 17 ఏళ్ళ పిల్ల. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. కొద్ది వారాల్లో ఇంటికి తిరిగి రావలసిన బిడ్డ మృతదేహమై తిరిగి వచ్చింది. దూరదేశానికి బిడ్డను పంపిన ప్రతి తల్లికీ ఈ కడుపుకోత అర్థమవుతుంది.

అయితే భయంలోనూ లెక్క తప్పకూడదు. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లలు సుమారు 5 కోట్ల మంది. వారిలో బడి ఆవరణలో తూటాకు బలయ్యేవారు బహు స్వల్పం. ఏ ఒక్క పిల్లవాడికైనా ఫలానా రోజున బడిలో ఈ ప్రమాదం జరిగే అవకాశం చాలా తక్కువ. కాని మరో లెక్క కూడా ఉంది. 2020లో 1 నుంచి 19 ఏళ్ళ లోపు అమెరికన్ పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకి అయింది. అంతకుముందు ఆ స్థానం రోడ్డు ప్రమాదాలది. ఆ తుపాకి మరణాల్లో అత్యధిక భాగం బడిలో జరిగినవి కావు. ఇళ్ళలో, వీధుల్లో జరిగినవి. హత్యలున్నాయి, ఆత్మహత్యలున్నాయి, పిల్లలు ఆడుకుంటూ పేల్చినవీ ఉన్నాయి. కెమెరాలన్నీ బడి వైపు చూస్తున్నాయి కనుక మన భయమూ బడి వైపే చూస్తోంది. తుపాకి మాత్రం ఇంట్లో ఉంది.

గేటు దగ్గరి ఏర్పాట్లు

కొలంబైన్ తరువాత పాతికేళ్ళకు పైగా అక్కడి బడులు భద్రత మీద విపరీతంగా ఖర్చు పెట్టాయి. గేట్లు, సీసీ కెమెరాలు, తుపాకి ధరించిన పోలీసు, కొన్ని చోట్ల మెటల్ డిటెక్టర్లు, ఉపాధ్యాయుల మెడలో మీట నొక్కితే పోలీసులకు కబురందించే కార్డులు, లైట్లు ఆర్పి పిల్లలను మూలన కూర్చోబెట్టి నిశ్శబ్దంగా ఉండమనే డ్రిల్లులు. టెక్సాస్ రాష్ట్రం 2023లో ప్రతి బడిలోనూ సాయుధ రక్షకుడు ఉండాలని చట్టం చేసింది.

వీటివల్ల లాభం లేదనలేము. అపలాచీలో ఉపాధ్యాయుల మెడలోని కార్డులే పోలీసులకు వెంటనే కబురందించాయి. కొద్ది నిమిషాల్లోనే ఆ బాలుడు పట్టుబడ్డాడు. తరగతిలో నుంచి బయటికి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు అతడికి తలుపు మూసి ఉంది. తీయబోయిన ఒక విద్యార్థిని తుపాకిని చూసి వెనక్కు తగ్గిందని తోటివారు చెప్పారు. లోపలి నుంచి తాళం పడే మామూలు తలుపు ఆ గదిలోని పిల్లలను కాపాడింది.

అయినా కాపలా ఒక్కటే చాలదని ఈ ఘటనలే చెబుతున్నాయి. కొలంబైన్‌లో సాయుధ పోలీసు ఉన్నాడు, కాల్పులు కూడా జరిపాడు. పార్క్‌లాండ్‌లోనూ ఉన్నాడు, కాని లోపలికి వెళ్ళలేదు. అతని మీద నడిచిన కేసులో 2023లో జ్యూరీ అతడిని నిర్దోషిగా తేల్చింది. శాంటా ఫేలో ఎదురు వెళ్ళిన పోలీసు తీవ్రంగా గాయపడ్డాడు. యువాల్డీ సంగతి చెప్పనక్కరలేదు. అక్కడి బడులకు సొంత పోలీసు విభాగమే ఉంది. బయటి తలుపు తాళం పడలేదు, ఆగంతకుడు నడిచి వచ్చాడు. దాదాపు 400 మంది పోలీసులు చేరుకున్నారు. అయినా తరగతి గదిలోకి వెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. లోపలి పిల్లలు ఫోను చేసి పోలీసులను పంపమని వేడుకుంటున్నారు. బయట తల్లిదండ్రులు పోలీసుల కాళ్ళావేళ్ళా పడుతున్నారు. ఆయుధాలకు కొదువ లేదు, మనుషులకు కొదువ లేదు. బాధ్యత తీసుకొని ముందుకు నడిపేవాడు లేకపోయాడు.

ఫోన్ల విషయంలోనూ తల్లిదండ్రులు సతమతమవుతున్నారు. చదువు పాడవుతోందని చాలా రాష్ట్రాలు బడిలో ఫోన్లను కట్టడి చేశాయి. ఆపద వస్తే బిడ్డ గొంతు వినే దారి ఉండాలి కదా అని తల్లుల వాదన. దాక్కున్న పిల్లల దగ్గర ఫోను మోగితే వారి జాడ తెలిసిపోతుందని, అందరూ ఒకేసారి చేస్తే లైన్లు స్తంభిస్తాయని భద్రతాధికారుల వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. ఆపద వేళ తల్లిదండ్రులకు ఎవరు, ఎలా, ఎంత త్వరగా కబురు చేస్తారో బడి ముందుగానే స్పష్టంగా చెబితే ఈ తగవు సగం తీరుతుంది.

తుపాకి ఎక్కడి నుంచి వచ్చింది?

గేటు దగ్గర నిలబడి చూసేవారికి కనిపించని ప్రశ్న ఇది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. అమెరికాలో ఆయుధం కలిగి ఉండడం 1791లో రాజ్యాంగానికి చేసిన రెండో సవరణ ఇచ్చిన హక్కు. అక్కడి జనాభా దాదాపు 33 కోట్లు ఉంటే, పౌరుల చేతుల్లోని తుపాకులు 2017 నాటికి 39 కోట్లకు పైగా ఉన్నాయని ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మనిషికి ఒకటి చొప్పున పంచినా మిగులుతాయన్నమాట.

కొలంబైన్ తరువాత అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసు, అక్కడి విద్యాశాఖ కలిసి గతంలో బడులపై జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి తుపాకి సొంత ఇంటి నుంచో, బంధువుల ఇంటి నుంచో వచ్చింది. 2019లో వెలువడిన మరో పరిశీలనలో, తుపాకి వాడినవారిలో ఇలాంటివారు మూడు వంతులు. శాంటా ఫే బాలుడు తెచ్చింది తండ్రి తుపాకులు. శాండీ హుక్‌లో వాడింది తల్లి చట్టబద్ధంగా కొన్న తుపాకి. అపలాచీలో ఆ 14 ఏళ్ళ బాలుడికి తండ్రే రైఫిల్‌ను క్రిస్మస్ కానుకగా ఇచ్చాడన్నది పోలీసుల అభియోగం. తండ్రి మీద కూడా కేసు పెట్టారు. పార్క్‌లాండ్, యువాల్డీ హంతకులు పద్ధెనిమిదేళ్ళు నిండాక దుకాణంలో కొనుక్కున్నారు. అది చట్టం వదిలిన దారి. మిగిలినవి ఇల్లు వదిలిన దారులు.

ఆక్స్‌ఫర్డ్ ఘటనను తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలి. ఘటనకు నాలుగు రోజుల ముందు 15 ఏళ్ళ కొడుకును వెంటబెట్టుకొని తండ్రి పిస్తోలు కొన్నాడు. ముందు రోజు ఆ పిల్లవాడు తరగతిలో ఫోనులో తూటాల కోసం వెదుకుతుంటే ఉపాధ్యాయిని చూసి చెప్పింది. బడివారు తల్లికి కబురు పెట్టారు. మరునాటి ఉదయం అతడు లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ, రక్తం కారుతున్న మనిషి బొమ్మ గీసి, తనకు సహాయం కావాలని రాసుకున్నాడు. బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వారు వచ్చి, కొద్ది నిమిషాలు కూర్చొని, కొడుకును ఇంటికి తీసుకుపోకుండా తమ తమ పనులకు వెళ్ళిపోయారు. కొన్న తుపాకి సంగతి చెప్పలేదు. బడివారు పిల్లవాడి సంచి వెతకలేదు. పిస్తోలు అందులోనే ఉంది. సుమారు రెండు గంటల తరువాత నలుగురు విద్యార్థులు చనిపోయారు.

2024లో అక్కడి కోర్టులు ఆ తల్లికీ, ఆ తండ్రికీ పది నుంచి పదిహేనేళ్ళ చొప్పున శిక్ష వేశాయి. బిడ్డ బడిలో జరిపిన సామూహిక కాల్పులకు తల్లిదండ్రులు నరహత్య నేరం కింద దోషులుగా నిలవడం అమెరికాలో అదే మొదటిసారి. ఆ గదిలో పెద్దలు చాలామంది ఉన్నారు. ఎవరికి తెలిసిన ముక్క వారి దగ్గరే ఉండిపోయింది. బిడ్డ మాత్రం కాగితం మీద అంతా చెప్పుకున్నాడు.

మాట ముందే బయటపడుతుంది

ఆక్స్‌ఫర్డ్ ఒక్కటే కాదు. 2002 నివేదికలో మరో అంశం ఉంది. ప్రతి పది దాడుల్లో ఎనిమిదింటి సంగతి ముందే కనీసం ఒక్కరికైనా తెలుసు. సాధారణంగా ఆ ఒక్కరు స్నేహితుడో, తోటి విద్యార్థో, తోబుట్టువో. 2021లో సీక్రెట్ సర్వీసు జరగకుండా ఆగిపోయిన 67 కుట్రలను పరిశీలించింది. వాటిలో చాలావరకు ఎవరో ఒక తోటి పిల్లవాడు నోరు విప్పినందువల్లనే ఆగాయి. కొలరాడోలో కొలంబైన్ తరువాత పేరు చెప్పనక్కరలేకుండా సమాచారం అందించే ఫోను ఏర్పాటు చేశారు. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

ఇక్కడ ఉపాధ్యాయులుగా మాకు ఒక మాట చెప్పాలనిపిస్తోంది. చాడీలు చెప్పరాదని మన పిల్లలకు చిన్ననాటి నుంచీ నేర్పుతాం. గీబత్, చుగ్లీ ఎంత పాపమో చెబుతాం. అది నేర్పవలసినదే. కాని దానితో పాటు రెండో సగం కూడా నేర్పాలి. ఎవరి ప్రాణానికైనా హాని రాబోతోందని తెలిసినప్పుడు పెద్దలకు చెప్పడం చుగ్లీ కాదు. హాని నుంచి ప్రజలను హెచ్చరించడానికి చెప్పే మాటను ఉలమా ఆ నిషేధం నుంచి ఎప్పుడో మినహాయించారు. స్నేహితుడి రహస్యం అమానత్ అన్నది నిజమే. అతడు మనుషులను చంపుతానంటే దాచడం అమానత్ కాదు. చెబితే ఆ స్నేహితుడి ప్రాణం కూడా దక్కవచ్చు. కొలంబైన్‌లోనూ, శాండీ హుక్‌లోనూ చంపినవారు తామూ చచ్చారు.

అనుమానం ఎవరి మీద?

భద్రత పెరిగినకొద్దీ ఇంకో భయం పుడుతుంది. అది ప్రత్యేకించి మన కుటుంబాలకు తెలిసినదే. 2015 సెప్టెంబరులో టెక్సాస్‌లోని అర్వింగ్‌లో 14 ఏళ్ళ ముస్లిం బాలుడు ఇంట్లో తయారుచేసిన గడియారాన్ని ఉపాధ్యాయులకు చూపించుకోవాలని హైస్కూలుకు తీసుకువెళ్ళాడు. అది బాంబులా ఉందని పోలీసులను పిలిచారు. పిల్లవాడి చేతులకు బేడీలు పడ్డాయి, బడి నుంచి సస్పెండ్ చేశారు. చివరకు కేసు పెట్టలేదు. అప్పటి అధ్యక్షుడు ఒబామా ఆ గడియారాన్ని చూపించమని ఆ బాలుడిని తన నివాసానికి ఆహ్వానించారు. అయినా ఆ కుటుంబం కొంతకాలానికి దేశమే విడిచి వెళ్ళింది.

పేరును, రంగును, హిజాబ్‌ను చూసే కాపలా అమాయకుడిని పట్టుకుంటుంది, అసలువాడిని వదిలేస్తుంది. బడులపై దాడి చేసే పిల్లవాడు ఇలా ఉంటాడని చెప్పగలిగే ఒకే పోలిక ఏదీ లేదని 2002 నివేదికే తేల్చి చెప్పింది. చూడవలసింది నడవడిక. బెదిరింపులు, ఆయుధాల మీద వ్యామోహం, అందరికీ దూరం కావడం, చావు గురించిన మాటలు. ఈ దృష్టితో చూస్తే భద్రతకూ న్యాయానికీ తగవు లేదు. న్యాయంగా చూసేవాడికే ప్రమాదం సరిగ్గా కనిపిస్తుంది.

మన కుటుంబాలు ఏం చేయవచ్చు?

అక్కడి బంధువులు పిల్లలను బడి మాన్పించాలా అని అడుగుతుంటారు. మాన్పించమని మేము చెప్పము. ప్రమాదం చాలా అరుదు, చదువు నష్టం మాత్రం ఖాయం. బడిని ప్రశ్నలు అడగడం తల్లిదండ్రుల హక్కు. తరగతి తలుపుకు లోపలి నుంచి తాళం పడుతుందా? ఏ పిల్లవాడి గురించైనా ఆందోళన ఉంటే ఎవరికి చెప్పాలి, విన్నవారు ఏం చేస్తారు? ఆపద తరువాత పిల్లలను ఎక్కడ అప్పగిస్తారు? డ్రిల్లు ఉన్న రోజు ముందుగా చెబుతారా? బడి దగ్గర ఉన్న మన ఫోను నంబరు సరైనదేనా? ఇంగ్లీషు సరిగా రాదని ఎవరూ వెనుకాడనక్కరలేదు. ఉర్దూలోనో తెలుగులోనో కాగితం మీద రాసుకొని, పెద్ద పిల్లల చేత అడిగించవచ్చు.

రెండోది మొహమాటం పడే ప్రశ్న. మన పిల్లవాడు తోటివారి ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళేటప్పుడు, మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా అని అడగడం. పిలిచినవారిని ఇలా అడిగితే మర్యాదగా ఉంటుందా అని మనవాళ్ళు అనుకుంటారు. అక్కడి పిల్లల వైద్యులే అడగమని చెబుతున్నారు. కుక్క ఉందా, ఈత కొలను ఉందా అని అడిగినట్టే ఇదీ అడగవచ్చు.

మూడోది మన ఇంటి సంగతి. రాత్రిపూట దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో పనిచేసేవారు ఆత్మరక్షణ కోసమని తుపాకి కొనాలనుకోవచ్చు. కొన్నవారూ ఉండవచ్చు. కొంటే దాని హక్కు కూడా చెల్లించాలి. తుపాకిలో తూటాలు లేకుండా తీసి తాళంలో పెట్టాలి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియకూడదు. తెలియదని మనం అనుకోవడం వేరు, నిజంగా తెలియకపోవడం వేరు. దైవప్రవక్త (స) మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవాడిని, ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను చేత్తో పట్టుకొమ్మని ఆదేశించారు. ఒరలో పెట్టని కత్తిని ఒకరి చేతికి ఒకరు ఇవ్వవద్దన్నారు. ఆయుధం ఎవరిదైతే జాగ్రత్త కూడా వారిదే అన్నది ఇందులోని బోధ. బాణపు మొనకే అంత జాగ్రత్త చెప్పిన సముదాయం, తూటాలు నింపిన పిస్తోలును మంచం పక్కన సొరుగులో వదిలేయవచ్చా?

నాలుగోది ఖర్చులేనిది. పిల్లవాడు చెప్పేది వినడం. ఇక్కడి నుంచి ఫోను చేసే పెద్దలు మార్కులెన్ని, ఖుర్ఆన్ ఎన్ని పారాలు అయింది అని అడుగుతారు. మంచిదే. బడిలో నీతో ఎవరు కూర్చుంటారు, ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరి మాటలైనా నీకు భయం కలిగించాయా అని కూడా అడగాలి. బిడ్డ జవాబు చెబితే తిట్టకుండా వినాలి. తిడితే మళ్ళీ చెప్పడు.

ఇవన్నీ కుటుంబాలు చేయగలిగినవి. చట్టం చేయవలసింది చట్టమే చేయాలి. 1996లో స్కాట్లాండులోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలు, వారి ఉపాధ్యాయిని హతులయ్యాక, బ్రిటన్ 1997లో పౌరులు చేతి తుపాకులు ఉంచుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. ఆ తరువాత అక్కడి బడుల్లో అలాంటి మారణకాండ జరగలేదు. అమెరికా కూడా యువాల్డీ తరువాత 2022 జూన్‌లో ఒక చట్టం చేసింది. 21 ఏళ్ళు నిండనివారు తుపాకి కొనేటప్పుడు మరింత లోతుగా విచారించాలని అది చెబుతోంది. దశాబ్దాల తరువాత వేసిన అడుగు అది, చిన్నదే అయినా అడుగే. అక్కడ పౌరసత్వం పొందిన మన సోదరులకు, సోదరీమణులకు ఓటుంది. బడి బోర్డు సమావేశాల్లో లేచి మాట్లాడే హక్కుంది. ఆదివారం విందుల్లో బాధపడి ఊరుకోకుండా ఆ హక్కులను వాడుకోవాలి.

ఈ వారం అక్కడికి ఫోను చేసేవారు కొడుకునో, అల్లుడినో, కోడలినో ఒక్క మాట అడగండి: పిల్లలు వెళ్ళి వచ్చే ఇళ్ళలో తుపాకి ఉందో లేదో కనుక్కున్నారా? లేదంటే కనుక్కోమని చెప్పండి. బడి గేటు దగ్గర కాపలా పెట్టడం ప్రభుత్వం పని. బీరువా తాళం సంగతి చూడవలసింది ఇంటివాళ్ళే.